సైకిల్ దారి పందెం

ఖమ్మం,
20 జనవరి 2025

అర్ధమొగుడు దీవెనకు,

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. అసలు మొగుడి మీద ఫిర్యాదు అర్ధమొగుడికి కాక ఇంకెవరికి చెప్పుకోను? ఫోన్ చేద్దామంటే మీ అడవిలో సిగ్నల్ "హలో వదినా" దాటి ముందుకు రాదు. అందుకే చింతకాయ పచ్చడితో పాటు ఈ ఉత్తరం బస్సులో పంపుతున్నాను. ముందు సీసా మూత గట్టిగా బిగించు, తర్వాత చదువు.

మన టిఫిన్ హోటల్ ముందు రోడ్డు అంచున ఒక పట్టీ గీసి, ఆకుపచ్చ రంగు పూసి, పక్కన వరసగా రబ్బరు గుంజలు పాతారు. అది సైకిల్ ట్రాకట. మిర్చి యార్డు నుంచి కల్వర్టు దాకా దాని మీద సైకిళ్లు తప్ప ఇంకేవీ పోకూడదు, ఆగకూడదు. నా గిరాకీ సంగతి నీకు తెలియనిది కాదు. మన ఖమ్మం మగవాళ్లు ఇడ్లీ తినడానికి బండి దిగరు. స్టాండు కూడా వేయరు. ఒక కాలు నేలకు ఆనించి, ప్లేటు పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుని తిని పోతారు. బండి ఎక్కడో సందులో పెట్టి నడిచి రమ్మంటే ఎవరొస్తారు? పక్కన పురుగుమందుల దుకాణం మురళీకృష్ణ అననే అన్నాడు, "నడిచొచ్చి తినేటంత గొప్పగుంటయా అక్కా నీ ఇడ్లీలు" అని. ఆ పూట వాడికి చట్నీ పోయలేదు.

ఇంతకీ ఆ పట్టీ మీద సైకిల్ బొమ్మలు వేసింది ఎవరనుకున్నావు? మీ అన్న ఆంథోని. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు రాయించేవాళ్లు లేక మీ అన్న కుంచెలు ఎండిపోయాయి కదా. ఏడాదికోసారి చర్చికి క్రిస్మస్ నక్షత్రం చేయడమే పని. కాంట్రాక్టరు పిలిచి, రేకు అచ్చు చేతికిచ్చి, దీని మీద తెల్ల రంగు కొట్టుకుంటూ పొమ్మన్నాడు. ఈయన అచ్చు పక్కన పడేసి చేత్తో గీశాడు. ఒక సైకిల్‌కు రెండు వైపులా పాలక్యాన్లు. ఒకదానికి ముందు బుట్ట, హ్యాండిల్‌కు రిబ్బన్లు. ఇంకొకదానికి వెనక గ్యాస్ బండ. ఇప్పుడు జనం వాటిని రిజర్వేషన్ అనుకుంటున్నారు. పాలాయన పాలక్యాన్ల బొమ్మ మీదే ఆగుతాడు. బడిపిల్లలు అక్కడ ఆగితే, మీది అవతల ఉంది పొమ్మని తరుముతాడు. మురళీకృష్ణ తన దుకాణం ముందు మందు డబ్బా కట్టిన సైకిల్ వేయలేదని అలిగాడు.

నాకు కడుపు మండి, "ఈ పచ్చ పట్టీ ఎక్కడిదాంక పోతదయ్యా" అని అడిగాను. మీ అన్న కుంచె పైకెత్తి, "చర్ల దాంక. మా చెల్లె ఇంటి దాంక" అన్నాడు, నవ్వుతూ. ఆ మనిషి అంతగా నవ్వి ఎన్నేళ్లయిందో. నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జవాబు రాయి. మీ అన్నను బాగా తిట్టి రాయి, చదివి వినిపిస్తాను.

చట్నీ గరిటె దించని
నీ వదిన విశ్రాంతమ్మ


చర్ల దగ్గర సబ్‌సెంటర్,
4 ఫిబ్రవరి 2025

కారం తగ్గని వదినకు,

మూత నువ్వు చెప్పకముందే ఊడిపోయింది. పచ్చడి పడిన చోట ఏం రాశావో తెలియదు, మిగతాదంతా చదివాను. చదవడమే తప్పయింది.

శనివారం ఇక్కడ సంత. అడవిలోపల ఒక చిన్న ఊరుంది, ఇక్కడివాళ్లు గుంపు అంటారు. అక్కడి నుంచి సంతకొచ్చినవాళ్లు నేను సూదులేసే సబ్‌సెంటర్ అరుగు మీద కూర్చుంటారు. ఇక్కడ ఉత్తరం ఒక్కరి సొత్తు కాదు. వచ్చిందంటే అరుగు మీద ఉన్న అందరికీ వినిపించాలి. దాచుకుంటే ఎవరో పోయారనుకుంటారు. అందుకని చదువుతూ, నాకొచ్చిన కోయ భాషలో చెబుతూ పోయాను. బండి దిగకుండా ఇడ్లీ తినడం విని పడీపడీ నవ్వారు. చర్ల దాకా, చెల్లె ఇంటి దాకా అని అన్న చెప్పిన మాట వినిపించాను. "నవ్వుతూ" అన్న ముక్క నా నోట్లో ఉండగానే గుంపు పెద్ద పగిడయ్య లేచి, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున చూస్తే గుంపులో ఆడామగా కొడవళ్లు పట్టుకుని, కాలిబాట పక్క పొదలు నరుకుతున్నారు. ఏంది ఇది అని అడిగాను. వాళ్ల పద్ధతి ప్రకారం రెండు ఊళ్ల మధ్య దారి చేయాలంటే ఎవరి చివర నుంచి వాళ్లు మొదలుపెట్టి మధ్యలో కలుసుకోవాలట. ఆలస్యంగా వచ్చిన ఊరు రెండో ఊరికి విందు పెట్టాలట. తారు రోడ్డు మా సబ్‌సెంటర్ దాకా ఉంది కాబట్టి కలుసుకునే చోటు ఇదేనట. పగిడయ్య మీసం తిప్పి మరీ చెప్పాడు: "ఖమ్మపోళ్లకు రంగు పూసుడే పని. మాకు పొదలు కొట్టాలె, వాగు మీద దుంగలెయ్యాలె. అయినా గెలిచేది మేమే."

నేనెందుకు నోరు మూసుకున్నానో చెబుతాను, తిట్టకు. ఆ గుంపులో గోరి అనే అమ్మాయి ఉంది. ఈస్టర్ దాటాక కాన్పు. మొదటి చూలు, ఒంట్లో రక్తం లేదు. నాలుగు రోజులు ముందే ఆసుపత్రికి రావాలి. అత్త పున్నమ్మ రానివ్వనంటోంది. పోయిన వానాకాలం ఆమె సొంత కూతురిని మంచం మీద మోసుకొస్తుంటే వాగు దగ్గర మోసేవాళ్ల కాళ్లు జారాయి. కూతురు బతికింది, బిడ్డ దక్కలేదు. ఇంకెవరినీ మంచం ఎక్కనివ్వనని ఒట్టు పెట్టుకుంది. దారి సాపుగా ఉంటే గోరిని సైకిల్ మీద కూర్చోబెట్టి మెల్లగా నడిపించుకుని రావచ్చు. దారి చేసుకోండి అని నేను గొంతు పోయేలా చెప్పినా కదలనివాళ్లు, అన్న ఆడిన ఒక్క వేళాకోళానికి కదిలారు. ఇప్పుడు ఆపండని ఎట్లా చెప్పను?

అందుకని, మీ వైపు పని ఎంతవరకు వచ్చిందో రెండు ముక్కలు రాయి. గంభీరంగా రాయి. చదివి వినిపించాలి.

అన్నను తిట్టమన్నావు. నా వల్ల కాదు. నాకు ఆ పాలక్యాన్ల సైకిల్ చూడాలనుంది.

అబద్ధంలో ఒక కాలు పెట్టిన
దీవెన


ఖమ్మం,
5 ఫిబ్రవరి 2025

దీవెనా,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా కడుపులో దాచుకునే ఓపిక నాకు లేదు.

యార్డులో చోటు దొరకని ఒక రైతు నేలకొండపల్లి నుంచి మిర్చి తెచ్చి సైకిల్ ట్రాక్ మీద ఆరబోశాడు. ఇంత నున్నటి కల్లం మా కోసమే చేసిండ్రు అంటాడు. ఆయన్ని చూసి ఇంకొకాయన. పచ్చ పట్టీ ఎర్రగా మారింది. సైకిళ్లవాళ్లు తుమ్ముకుంటూ పోతున్నారు. పాలాయన తుమ్మిన తుమ్ముకు ఒక క్యాను నా గడప దాకా దొర్లి వచ్చింది. ఆ పూట నా సాంబారులో కారం వేయాల్సిన పని లేకపోయింది.

ఇక అసలు సంగతి. దుకాణాలవాళ్లమంతా కలిసి సంఘం పెట్టాం. పెద్దను నేనే, ఎందుకంటే గొంతు నాది. ట్రాక్‌ను కల్వర్టు దాటించాలని మొన్న రంగు డబ్బాలతో వచ్చారు. ఇడ్లీ పాత్ర రోడ్డుకు అడ్డంగా పెట్టి, దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కల్వర్టు దాటి ఒక్క అడుగు కూడా పోనివ్వనని చెప్పాను. ఆ రంగు డబ్బాల్లో ఒకటి మీ అన్న చేతిలో ఉంది. ఆయన అటు, నేను ఇటు. బజారంతా చూసింది. చివరికి పని ఆగింది. మీ అన్న ఇంటికొచ్చి, అన్నం తిని, ఒక్క మాటా లేకుండా పడుకున్నాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి కోపంతో మాట్లాడలేదో, అలవాటుగా మాట్లాడలేదో ఎట్లా తెలుస్తుంది చెప్పు?

మార్చిలో మున్సిపాలిటీవాళ్లు మీటింగు పెట్టి పట్టీ ఉంచాలో తీసేయాలో మమ్మల్నే అడుగుతారట. అందరి తరఫున మాట్లాడేది నేను. ఇక దాని పని అయిపోయినట్టే.

విజయగర్వంతో,
సంఘం పెద్ద విశ్రాంతమ్మ


సబ్‌సెంటర్,
16 ఫిబ్రవరి 2025

సంఘం పెద్దగారికి,

నీ ఉత్తరం నిన్న సంత రోజే వచ్చింది. నేనడిగిన గంభీరమైన జవాబే అనుకుని అరుగు మీద అందరి ముందూ విప్పాను. మిర్చి దాకా బాగానే ఉంది. తర్వాత ఇడ్లీ పాత్ర వచ్చింది. కళ్లు ముందుకు పోతున్నాయి, నోరు ఆగడం లేదు. ఖమ్మం వైపు పనిని కల్వర్టు దగ్గర ఒక ఆడమనిషి ఆపేసిందని మొత్తం చెప్పేశాను.

నా పని అయిపోయిందనుకున్నాను. పగిడయ్య తొడ చరిచి లేచాడు. "నీ వదిన మన మనిషి సిస్టరూ. వాళ్ల పని ఆపి మనల్ని గెలిపిస్తున్నది" అన్నాడు. సొంత మొగుడి చేతిలో డబ్బానే ఆపిన మనిషి అని ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. ఇప్పుడు ఆ గుంపులో నీ పేరు తెలియని పిల్ల లేదు. ఈ సీసాలో ఉన్నది పుట్టతేనె. నీకు బహుమానం. ఈసారి మూత నేను మైనంతో అతికించాను.

నవ్వుకున్నావా? నవ్వు అయిపోయాక ఇది చదువు. దారి సగం దాటింది. ఒక్క చెట్టూ కొట్టకుండా, పొదలు తీసి, రాళ్లు ఏరి, సైకిల్ పట్టేంత వెడల్పున చేస్తున్నారు. గోరి రోజూ కొంతదూరం నడిచి చూసి వెళుతోందట. పున్నమ్మ కొడవలి పట్టడం లేదు గానీ, పనిచేసేవాళ్లకు మంచినీళ్లు తెచ్చి ఇస్తోంది. ఆమె విషయంలో అదే పెద్ద సంగతి.

నాకు భయంగా ఉంది వదినా. వాళ్లు నా సూది నమ్మడానికే ఏళ్లు పట్టింది. మార్చిలో మీ పట్టీ చెరిపేశారనుకో, ఆ కబురు సంతలో ఎవరో ఒకరు చెప్పకపోరు. సిస్టర్ ఉత్తరంలో అబద్ధం చదివింది అనుకుంటే రేపు నేను ఏం చెప్పినా వినరు. గోరి అసలు రాదు. ఈస్టర్ దాకా ఆ పట్టీని బతకనివ్వు. నీ హోటల్‌కు నష్టమని తెలిసే అడుగుతున్నాను.

సిగ్గు విడిచి,
దీవెన


ఖమ్మం,
1 మార్చి 2025

ఉత్తరాలు అరుగు మీద చదివే మహాతల్లికి,

నీ రెండు ఉత్తరాలూ ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చాయి. ముందు తేనె సంగతి. పనిని చెడగొట్టినందుకు బహుమానం తీసుకున్న మనిషి ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయివుంటాను. మీ అన్న సగం సీసా నాకేశాడు. బహుమానం నాకు, నాలుక ఆయనకు.

నీ మీద నాకు బాగా కోపంగా ఉంది. అది వేళాకోళం అని ఆ రోజే అనలేకపోయావా? పోనీ, ఆ పిల్ల సంగతి మొదటి ఉత్తరంలోనే రాశావు, అది చదివాక కూడా నేనిట్లా అడుగుతున్నానంటే నా బాధ ఎంతో చూసుకో. హోటల్‌లో పొద్దున్నే పోసిన ఇడ్లీలు మధ్యాహ్నానికి మిగులుతున్నాయి. మిగిలినవి ఉప్మా చేస్తున్నాను. ఉప్మా మిగిలితే మేమే తింటున్నాం. మీ అన్న పొట్ట పెరిగింది. సంఘంలో అందరూ నా నోటి మీద నమ్మకం పెట్టుకున్నారు. ఒకరికి మాటిచ్చి ఇంకొకరి మాట నిలబెట్టమంటే నేనెక్కడికి పోను?

ఒక్కటి మాత్రం నిజం, రాయకపోతే పాపం. మిర్చి లారీలు దిగే రోజుల్లో యార్డు హమాలీలు సైకిళ్ల మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోయేవాళ్లు. నిరుడు మన హోటల్ ముందే ఒకతను లారీ కిందికి పోబోయి తప్పించుకున్నాడు. ఈ ఏడు వాళ్లు ఆ పట్టీ మీద ఇద్దరిద్దరు పక్కపక్కన, ముచ్చట్లు చెప్పుకుంటూ పోతున్నారు. నాకు అది చూడబుద్ధవుతుంది. చూడబుద్ధవుతున్నందుకు నా మీద నాకే మంటగా ఉంది.

మీటింగులో ఏం మాట్లాడతానో ఇప్పుడే చెప్పలేను. నన్ను అడగకు.

ఇరుక్కుపోయిన
వదిన


ఖమ్మం,
23 మార్చి 2025, ఆదివారం

దీవెనా,

కూర్చుని చదువు. నిన్న మీటింగు అయింది.

హాలు నిండిపోయింది. ఒక వైపు దుకాణాలవాళ్లం, ఇంకో వైపు పాలాయన, హమాలీలు, బడిపిల్లల తల్లులు. మురళీకృష్ణ నేను మాట్లాడాల్సినదంతా కాగితం మీద రాసి తెచ్చాడు. అందులో వాణిజ్యం, స్తంభన అని పెద్ద పెద్ద మాటలున్నాయి. ఆఫీసరమ్మ నా పేరు పిలిచింది. లేచాను. కాగితం విప్పాను. మొదటి మాట చదవబోతే ఆ పిల్ల గోరి, నేనెప్పుడూ చూడని పిల్ల, దారి పొడవు కొలుచుకుంటూ నడుస్తున్నట్టు కళ్ల ముందుకు వచ్చింది. ఇంక నోరు నా మాట వినలేదు.

"మా ఆడిబిడ్డ ఊళ్లె ఈ పట్టీని నమ్ముకొని అడవిల దారి చేసుకుంటున్నరు. దీన్ని చెరిపితె వాళ్ల దారి ఆగిపోతది. ఉండనియ్యండి" అన్నాను.

హాలులో ఒక్కరికి అర్థమైతే ఒట్టు. ఖమ్మం పట్టీకి, చర్ల అడవికి సంబంధం ఏమిటని ఆఫీసరమ్మ పక్కనున్నాయనను అడిగింది. ఆయన ఏదో పథకం అయ్యుంటుందన్నాడు. మురళీకృష్ణ నా కొంగు పట్టుకుని లాగాడు. ఇంతలో వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. ఒక్కటే జత చేతులు. తిరిగి చూస్తే మీ అన్న. ఆయన కొడితే పాలాయన కొట్టాడు, తర్వాత హమాలీలు. పట్టీ ఉంటుంది. బండ్లు పెట్టుకోవడానికి వెనక సందు చదును చేసి ఇస్తారట. కల్వర్టు కూడా దాటిస్తారట.

సంఘం పెద్దగా నన్ను తీసేశారు. మురళీకృష్ణ నాతో మాట్లాడటం లేదు. అయితే వాడి ఇంట్లో టిఫిన్ వండరు కాబట్టి ఈ పొద్దున నడిచొచ్చి, మూగవాడిలా వేలు చూపించి నాలుగు ఇడ్లీలు తిని పోయాడు. ఇంటికొస్తుంటే మీ అన్న, "బాగ మాట్లాడినవ్" అన్నాడు. ఆయన నోటి నుంచి రెండు మాటలు. నేను నీ కోసం అబద్ధాన్ని కాపాడాను, ఇక నీ పని నువ్వు కానివ్వు. ఒక్కరికీ నిజం చెప్పకు.

పదవి పోయినా పరువు నిలిపిన
వదిన


సబ్‌సెంటర్,
23 మార్చి 2025

వదినా,

నిన్న నిజం చెప్పేశాను.

దారి పూర్తయింది. వాగు మీద దుంగలు పరిచి, మట్టి కొట్టి, అటూ ఇటూ వెదురు కట్టారు. పగిడయ్య సైకిల్ తొక్కుకుంటూ వచ్చి మా అరుగు ముందు దిగి, ఖమ్మపోళ్లు ఏరీ అన్నాడు. అందరూ చూస్తున్నారు. గోరి నవ్వుతోంది. ఆ పిల్లను అబద్ధం మీద కూర్చోబెట్టి తీసుకురావడం నా చేత కాలేదు. ఖమ్మం నుంచి ఏ దారీ రావడం లేదు, మా అన్న తమాషాకు అన్నాడు, నేను ఆ రోజే చెప్పాల్సింది, తప్పు నాదే అన్నాను. ఏడుపొచ్చింది.

వాళ్లందరూ ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. పగిడయ్య నా పక్కన కూర్చుని చెప్పిన మాటలు చెప్పినట్టే రాస్తున్నాను: "మేం ఏటేటా మిర్చి ఏరబోతం సిస్టరూ. ఖమ్మం ఎంత దూరమో మాకెరుక లేదా? బండి దారి అంటె బండ్లొస్తయి. గుంపోళ్లకు భయం, ఫారెస్టోళ్లకు అనుమానం. గందుకే ఇన్నేండ్లు ఎవ్వరు ఒప్పుకోలె. సైకిల్ దారి అంటె సైకిలే వస్తది. నీ వదిన ఉత్తరం ఇన్నంక గది తట్టింది. నవ్వుకుంట చేసే పనికి ఎవ్వరు అడ్డం రారు."

చూశావా, నేను నిద్రలేకుండా దాచిన సంగతి వాళ్లకు మొదటి రోజు నుంచీ తెలుసు. నేను చెప్పినప్పుడు నమ్మినట్టు నటించారట, నేను బాధపడతానని.

అయితే పందెం మాత్రం తమాషా కాదట. ఖమ్మం వైపు ఓడిపోయింది, విందు పెట్టి తీరాలట. మనిషిని పంపితే కుదరదు, నువ్వే రావాలట.

ఇంకొకటుంది. ఇది రాయడానికి కొంచెం భయంగా ఉంది. పున్నమ్మ ఇప్పటికీ గోరిని పంపుతానని అనలేదు. అందరూ నవ్వుతుంటే ఆమె ఒక్కతే నవ్వకుండా, "నీ వదిన ఎంత లావుంటది?" అని అడిగింది. బాగానే ఉంటుందని చెప్పాను, క్షమించు. "ఆమెను సైకిల్ మీద ఎక్కించి వాగు దాటియ్యండి. నా కండ్లతోటి చూస్త. దుంగలు ఆమెను మోస్తె అప్పుడు నా కోడలిని ఎక్కిస్త" అంది.

నీ కాళ్లు పట్టుకుని,
దీవెన


ఖమ్మం,
30 మార్చి 2025

ఆడబిడ్డ రూపంలో ఉన్న నా కర్మకు,

మన ఉత్తరాలు దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని పోయివుంటాయి. నేను పదవి పోగొట్టుకుని, బజారులో అందరితో మాటపడి, నీ అబద్ధాన్ని నిలబెట్టిన రోజునే నువ్వు నిజం చెప్పి కూర్చున్నావు. పైగా వాళ్లకు ముందే తెలుసు. అంటే ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ మోసపోలేదు, నేను తప్ప. మీ అన్నకు చదివి వినిపిస్తే నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు.

ఇక నా లావు సంగతి. నన్ను తూకపు రాయిగా వాడుకుంటారా? నా పెళ్లిలో మీ నాయన, కోడలు పిల్ల నిండుగా ఉంది అన్నాడు. అది గౌరవంగా చెప్పే పద్ధతి. పున్నమ్మకు నేర్పించు.

వస్తున్నాను. శనివారం, ఐదో తారీఖున. వేటపోతును కోయిస్తానని ఆశ పెట్టుకోవద్దని పగిడయ్యకు ముందే చెప్పు. ఇది తపస్సు కాలం, నా చేత్తో మాంసం వండను. ఇడ్లీ పెడతాను. గుంపు గుంపంతా ఎన్ని తింటే అన్ని. నానబెట్టిన పప్పు రుబ్బి, పిండి పాత్రలో పోసుకుని బస్సెక్కుతాం. మీ అన్న కూడా వస్తాడు. రంగు డబ్బా తెస్తానంటున్నాడు, వద్దన్నా వినడు.

సైకిల్ ఎక్కుతాను. జీవితంలో ఎక్కలేదు, అయినా ఎక్కుతాను. ఆ పిల్ల కోసం. నీ కోసం కాదు.

ఇప్పటినుంచే జపమాల తిప్పుతున్న
వదిన


ఖమ్మం,
7 ఏప్రిల్ 2025

దీవెనా,

క్షేమంగా చేరాం. నడుం మాత్రం ఇంకా చేరలేదు, మీ వాగు దగ్గరే ఉండిపోయింది. వేడినీళ్ల కాపడం పెట్టుకుని రాస్తున్నాను.

బస్సులో పిండి చేసిన అల్లరి నీకు చెప్పే తీరిక అక్కడ దొరకలేదు. ఎండకు పులిసి, పాల్వంచ దాటేసరికి మూత లేపుకుని బయటికొచ్చింది. మీ అన్న మూత మీద కూర్చున్నాడు. భద్రాచలంలో దిగినప్పుడు ఆయన ప్యాంటు చూసి కండక్టరు వేరే ఏదో అనుకుని జాలిపడ్డాడు. అయినా ఇడ్లీలు మల్లెపూలలా వచ్చాయి. పులుపు ఎక్కువైందని నేను బాధపడుతుంటే గుంపువాళ్లు పులుపుకే మళ్లీ మళ్లీ అడిగారు. ఇక పగిడయ్య ఇడ్లీ తినడానికి సైకిల్ దిగనన్నాడు చూశావా. ఒక కాలు నేలకు ఆనించి, ప్లేటు క్యారియర్ మీద పెట్టుకుని తిన్నాడు. ఖమ్మపోళ్ల మర్యాదట.

నీకు చెప్పని మాట ఒకటుంది. నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టి, ఇద్దరు పట్టుకుని, పగిడయ్య ముందు నడిపిస్తూ వాగు దగ్గరికి తెచ్చినప్పుడు, దుంగలు కిర్రుమన్నాయి. దిగిపోదామని కాలు కిందికి చాపాను కూడా. అవతలి గట్టు మీద పున్నమ్మ నిలబడి ఉంది. ఆమె నా మొహం చూడటం లేదు. నీళ్ల వైపు, ఒక్క చోటే చూస్తోంది. ఆమె కూతురు పడింది అక్కడేనని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. కాలు పైకి తీసుకున్నాను. ఇంత బరువున్నందుకు దేవుడికి మొదటిసారి స్తోత్రం చెప్పుకున్నాను, ఎందుకంటే తేలికపాటి మనిషి దాటితే ఆ తల్లి నమ్మేది కాదు.

దాటాక ఆమె నా చేయి పట్టుకుని దింపింది. ఆ పిల్ల వస్తుందా? కబురు చెప్పు. సిగ్నల్ దొరికితే చెట్టెక్కి అయినా ఫోన్ చేయి.

కాపడం కింద నుంచి,
నీ వదిన


సబ్‌సెంటర్,
14 ఏప్రిల్ 2025

నిండైన మా వదినకు,

సిగ్నల్ లేదు, చెట్టెక్కినా లేదు. అందుకే రాస్తున్నాను, ఆటోవాడు చర్ల పోతూ పోస్టులో వేస్తానన్నాడు.

పొద్దున్నే గోరి వచ్చింది. నేను వెళ్లి అడగలేదు, ఎవరూ బతిమాలలేదు. మొహం కడుక్కుంటుంటే బెల్లు వినిపించింది. దారి మలుపులో సైకిల్, వెనక క్యారియర్ మీద దుప్పటి మడత, దాని మీద పక్కకు తిరిగి కూర్చుని గోరి. కొత్త చీర కట్టుకుంది, పొట్ట మీద ఒక చేయి, సీటు మీద ఒక చేయి. సైకిల్‌ను ఎవరో మగవాళ్లు నడిపించుకొస్తారనుకున్నాను. హ్యాండిల్ పట్టుకున్నది పున్నమ్మ. గుంపు నుంచి ఇక్కడిదాకా ఒక్కతే తోసుకుంటూ వచ్చింది, ఇంకొకరిని చేయి వేయనివ్వలేదట.

వాగు దగ్గర గోరికి భయమేసి, దిగి నడుస్తానందట. పున్నమ్మ, "దిగకు. నేను పట్టుకున్న" అందట. గోరి ఇది నాకు చెబుతుంటే పున్నమ్మ అటు తిరిగి కాళ్లు కడుక్కుంటోంది.

బీపీ చూశాను, బాగుంది. కాన్పు అయ్యేదాకా చర్ల ఆసుపత్రిలోనే ఉంచుతాం, అత్త కూడా తోడుంటుంది. ఆటోను పిలిపించాను. ఆటో వచ్చి నిలబడింది, సంచులు పెట్టాను. గోరి సైకిల్ మీద నుంచి దిగడం లేదు. ఏమ్మా, నొప్పిగా ఉందా అని నేను కంగారు పడ్డాను. తల అడ్డంగా ఊపి, అత్త వైపు చూసి నవ్వు ఆపుకుంటూ, "ఇంకొక్క సుట్టు" అంది.

పున్నమ్మ ఆమెను ఒక చూపు చూసింది. తిడుతుందనుకున్నాను. కొంగు నడుముకు బిగించి, సైకిల్ తిప్పింది. నేను అరుగు మీద కూర్చుని ఇది రాస్తుంటే వాళ్లు సబ్‌సెంటర్ చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. గోరి బెల్లు కొడుతోంది. ఒక్క చుట్టు అన్నది ఎప్పుడో అయిపోయింది. ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు, పున్నమ్మ వినిపించుకోవడం లేదు.

ఉంటాను వదినా. ఎండెక్కుతోంది, నేనూ వెళ్లి ఒక చేయి వేస్తాను.

దీవెన